మూత కింది చంద్రుడు

గ్రహణం పట్టిన చంద్రుడు ఆ సాయంత్రం ఆరు గంటల ఇరవై నాలుగు నిమిషాలకు ఉదయించాలి. గ్రహణంతోనే ఉదయించడాన్ని పంచాంగంలో గ్రస్తోదయం అంటారు. ఐదున్నరకే నెమిలిగుట్ట మీద మబ్బు ఎంత కిందికి దిగిందంటే, నేను కూర్చున్న కంట్రోల్ గది కిటికీలోంచి పక్కనే ఉన్న వేధశాల గుమ్మటం కూడా సగమే కనిపిస్తోంది. మామూలుగా అయితే ఇలాంటప్పుడు నాలాంటివాళ్లు టీ తాగి, ఆకాశాన్ని నాలుగు తిట్టి, సంచి సర్దుకుని మదనపల్లెకు దిగిపోతారు. ఆ రోజు మాత్రం మబ్బు ఎక్కడ విచ్చుకుంటుందోనని నాకు భయం. మాకు కావలసింది మబ్బే.

మూడేళ్లుగా మేం తయారు చేస్తున్న యంత్రం పేరు తేటకన్ను. పేరు నేనే పెట్టాను. నా చిన్నప్పుడు నీళ్లు మురికిగా వచ్చిన రోజు మా అమ్మ బానలో చిల్లగింజ అరగదీసి కలిపేది. కాసేపటికి మట్టి అడుగుకు పోయి పైన నీళ్లు తేటపడేవి. వెలుతురుకు ఆ పని చేసేది మా తేటకన్ను.

ఇంకొక్కసారి చూసుకుందామని, పరీక్షల కోసం కిటికీలో పెట్టుకున్న చిన్న కెమెరాను కొండ కిందికి తిప్పాను. తెర మీద మొదట గంజినీళ్ల రంగు తప్ప ఏమీ లేదు. మబ్బులో పడి దారితప్పి వచ్చిన వెలుతురును యంత్రం ఒక పక్కకు తోసేసి, తిన్నగా వచ్చిన కాస్తంత వెలుతురును ఏరుకోవడం మొదలుపెట్టింది. ఏరుకున్నది చాలకపోతే మిగతా ఖాళీలను, తను ఇదివరకు చూసిన లక్షల బొమ్మల జ్ఞాపకంతో పూరిస్తుంది. ఆ పూరణ భాగం నా చేతిది. నిమిషం తిరిగేసరికి సెల్ టవరూ, దాని మీది ఎర్రదీపం, పక్కన టమాటా తోటలో పాతిన కర్రలూ కనిపించాయి.

"వకుళ గారూ, మబ్బు ఉంటుందంటారా అండీ?" అన్నారు సదాశివరావు గారు గదిలోకి వస్తూనే. మా సంస్థ డైరెక్టరు ఆయన. గోదావరి జిల్లా మనిషి, కొండమీది చలికి అలవాటు పడలేక ఆగస్టులో కూడా స్వెట్టరు వేసుకుంటారు.

"పదకొండోసారి అడుగుతున్నారు సార్. ఉంటుంది."

"మరి సోమవారం సంఘం వాళ్లొస్తున్నారు కదండీ. మబ్బు వెనక నుంచి గ్రహణం ఫొటో తీసి చూపించామనుకోండి, ఇంక వాళ్లు నోరెత్తరు."

సంఘం అంటే వైద్య యంత్రాలకు అనుమతినిచ్చే నిపుణుల సంఘం. వాళ్లొచ్చేది చంద్రుడి కోసం కాదు. పల్లెల్లో గర్భిణులను పరీక్షించడానికి అరచేతిలో పట్టే చిన్న స్కానింగు యంత్రాలు వచ్చాయి. వాటి బొమ్మలు మసకగా ఉంటాయి, పెద్ద డాక్టరు ఉంటే తప్ప అర్థం కావు. ఆ మసక మీద తేటకన్నును పనిచేయిస్తే బిడ్డ ముఖం, గుండె, వేళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఊళ్లో ఒక ఆస్పత్రిలో రెండు నెలలుగా ప్రయోగం నడుస్తోంది. సోమవారం సంఘం సరేనంటే జిల్లాలోని ప్రతి ఆరోగ్య కేంద్రానికీ వెళ్తుంది. దానికి ముందు పేపర్లో పడేలా ఒక గొప్ప ఫొటో కావాలని డైరెక్టరు గారి ఆలోచన.

ఇంతలో మా అమ్మ ఫోను.

"ఎన్ని గంటలకు మే పట్టేది?"

"పట్టే పొడుస్తాడుమా. ఆరూ ఇరవైనాలుగు మొదలుకోని ఎనిమిదీ పదహారు దాకా."

"గంగను మంచం మీద పండబెట్టినా. కత్తిపీట, కత్తెర, సూదులు అన్నీ మూటగట్టి అటక మీద పెట్టినా. అది నవ్వతా ఉండాది."

"అక్కా, వీపు గోక్కునేదానికి కూడా ఒప్పుకోలేదే ఈమె!" అని వెనక నుంచి మా చెల్లెలు గంగ అరిచింది. దానికి ఏడో నెల.

నేను కూడా నవ్వాను. కానీ అమ్మను ఏమీ అనలేదు, అనలేను. నా పై పెదవి మీద ముక్కు దాకా ఒక గీత ఉంది. చీలిన పెదవితో పుట్టాను నేను. మా వైపు దాన్ని గ్రహణం మొర్రి అంటారు. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఒక గ్రహణం రోజు పెరట్లో కూర్చుని వంకాయలు తరిగిందట. అది చూసిన మా జేజి, అంటే మా నాన్నమ్మ, నేను పుట్టినప్పటి నుంచి తను పోయేదాకా, ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఆ వంకాయల కథ చెప్పింది. నాకు పాలు తాగడం చేతకాలేదు. ఏడాది దాకా ఉగ్గుగిన్నెతో పోసి పెంచింది అమ్మ. ఆరో ఏట ఆపరేషను చేయించారు. పెదవి అతికింది గానీ అమ్మ తల మాత్రం దించుకునే ఉండిపోయింది. పెళ్లిళ్లలో అందరికంటే వెనక నిలబడేది. ఎవరైనా నా ముఖం వైపు చూస్తే చాలు, తనే ముందుగా "నా తప్పే" అనేది. గ్రహణానికీ పెదవికీ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "నువ్వు చదువుకున్నావు, అట్లనే అంటావులే" అనేది.

అందుకే పక్షం రోజుల కిందట ఆ ప్రయోగం నడిచే ఆస్పత్రికి గంగను నేనే తీసుకెళ్లాను. తేటకన్ను తీసిన బిడ్డ ముఖాన్ని అమ్మ ఫోనులో పెట్టించుకుంది. ఇంటికి ఎవరొచ్చినా చూపించడం, రెండు వేళ్లతో పెదవి దగ్గర పెద్దది చేయడం. "చూడండి, గీత కూడా లేదు" అనడం. ముప్పై నాలుగేళ్ల తర్వాత మా అమ్మ తల ఎత్తడం చూశాను. నా యంత్రం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గర్వంగా ఉన్నది అదే.

ఆరూ ఇరవైనాలుగు అయింది. గుమ్మటంలోని పెద్ద టెలిస్కోపు అప్పటికే తూర్పుకు తిరిగి ఉంది. ఇదివరకైతే దాని పక్కన నిలబడి, కంటితో చూస్తూ ఫొటో తీసేవాళ్లం. ఇప్పుడంతా ఈ గదిలోంచే. తెర మీద బూడిద రంగు తప్ప ఏమీ లేదు. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. మనసు నిలవనప్పుడు నాలుక కొనతో పెదవి లోపలి కుట్టును తడుముకోవడం నా అలవాటు. ఆ పావుగంటలో అది పుండయిందేమో అనిపించింది. డైరెక్టరు గారు స్వెట్టరు గుండీలు పెట్టుకోవడం, తీయడం.

ఆరూ నలభై ఒకటికి బూడిద రంగులో ఒక గుండ్రం తేలింది. తర్వాత అంచు వచ్చింది. తర్వాత రంగు. రాగిచెంబును చింతపండుతో తోమితే వచ్చే ఎరుపు. ఒక పక్క మసక, మరో పక్క గోతులతో సహా చంద్రుడు. నా జీవితంలో అంత మంచి గ్రహణం ఫొటో నిర్మలాకాశంలో కూడా చూడలేదు. డైరెక్టరు గారు పిల్లాడిలా చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గర నిలబడిన వేధశాల పనివాడు చెంగయ్య కూడా కొట్టాడు. నేను ఏడ్చాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ ఆ పూట ఏడ్చిన మాట నిజం.

సదాశివరావు గారు అప్పటికప్పుడే ఆ ఫొటోను పేపర్లవాళ్లకు పంపించేశారు.

చినుకులుగా మొదలైన వాన ఏడున్నరకు పెద్దదైంది. గుమ్మటం సందులోంచి నీళ్లు పడితే అద్దం పాడవుతుంది, చెంగయ్య మూశాడో లేదో చూద్దామని గొడుగు వేసుకుని వెళ్లాను. మెట్లెక్కి దీపం వేశాను. టెలిస్కోపు అడుగున, నేను చేతులు చాపితే ఎంతో అంత వెడల్పున్న అద్దం. దాని మీద రేకు మూత. పరవాలేదు, మూసేశాడు అనుకుని తిరగబోతూ, మూత మీద ఏదో పచ్చగా కనిపిస్తే ఆగాను. దర్భ. మూడు పోచలు ముడివేసి, గాలికి పోకుండా అంచులో దోపి ఉన్నాయి. అమ్మ ఊరగాయ జాడీల మీదా, పాలగిన్నె మీదా పెట్టేలాంటివి.

దర్భ గ్రహణం పట్టకముందు పెడతారు. పట్టాక పెట్టరు.

"చెంగయ్యా!" అని అరిచిన అరుపుకు ఆయన వానలో పరిగెత్తుకొచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఆ అద్దాన్ని తుడిచి కాపాడుతున్న మనిషి చెంగయ్య. డైరెక్టర్లు మారారు, అద్దమూ ఆయనా మారలేదు.

"ఈ మూత ఎప్పుడు వేసినావు?"

"ఆరుగంటలకు మ్మా. గ్రహణం తగలకముందే. దాని నీడ మన అద్దం మీద పడకూడదని దర్భ పెట్టి మూసేస్తిని."

"మళ్లా తెరిచినావా?"

"విడిచేది ఎనిమిదింటికి కదమ్మా. అప్పుడు నీళ్లు చల్లి తెరుస్తాను."

"మరి ఫొటో ఎట్ల తీస్తామనుకున్నావు?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "మీరే కదమ్మా చెప్పింది, మబ్బు అడ్డమొచ్చినా దీనికి కనబడతాదని. అంత మందం మబ్బులో నుంచి కనబడేది ఈ రేకుమూతలో నుంచి కనబడదా? కనబడింది కూడా. అందరం చప్పట్లు కొడితిమి కదా."

"పోయిన గ్రహణాలకు ఏంటికి మూయలేదు?"

"అప్పుడు మీరంతా ఈడనే నిలబడుకోని ఉంటిరి. మూసేదానికి నాకు సందేది?"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నోట్లో ఉండగానే అసలు సంగతి అర్థమైంది, మా చంద్రుడు వచ్చింది అద్దం మూసి ఉండగా.  మూత తెరవొద్దని చెంగయ్యకు చెప్పి, మళ్లీ కంట్రోల్ గదికి వచ్చి, యంత్రాన్ని మొదటి నుంచి నడిపించాను. నాలుగు నిమిషాల్లో ఇంకో చంద్రుడు వచ్చాడు. ఈసారి గ్రహణం విడుస్తున్న చంద్రుడు, ఒక అంచున తెల్లటి వెలుగుతో సహా. ఏడూ నలభైకి నీడ ఎంతవరకు ఉండాలో సరిగ్గా అంతవరకే ఉంది. గడియారం తెలుసు దానికి, తిథి తెలుసు, ఇదివరకటి గ్రహణాలన్నీ తెలుసు. చంద్రుడు మాత్రం అక్కర్లేకపోయాడు.

సదాశివరావు గారికి చెప్పాను. ఆయన చాలాసేపు తెర వైపు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడండి వకుళ గారూ. అద్దం మూసి ఉండటం మన పొరపాటండీ, యంత్రం పొరపాటు కాదు. వెలుతురు అందకపోతే పూరించమని మనమే కదా చెప్పాం దానికి?"

"ఖాళీలు పూరించమన్నాం సార్. మొత్తం బొమ్మే గీసేయమనలేదు."

"మొదట్లో పూరణ తక్కువే ఉండేది కదండీ. అది పెంచింది..." అని ఆగిపోయారు. పూర్తిచేయనక్కర్లేదు. పెంచింది నేనే. చూడవచ్చిన పెద్దలకు మచ్చల బొమ్మలు నచ్చడం లేదని, ప్రతిసారీ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాను. "స్కాన్ల సంగతి వేరండీ," అన్నారాయన మళ్లీ. "అక్కడ మూతలేం ఉండవుగా."

స్కాన్లు అనగానే అమ్మ ఫోనులోని బిడ్డ ముఖం గుర్తొచ్చింది. సోఫా దగ్గర నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా తిరిగాను. చివరికి టిఫిను పొట్లం విప్పి, అందులోని నూనె కాగితాన్ని కిటికీలోని చిన్న కెమెరా ముందు అంటించాను. కెమెరాను నా వైపు తిప్పుకుని, దాని ముందు కూర్చున్నాను.

తెర మీద మొదట మసక. తర్వాత నా జడ, నా చెవి పోగులు, నా కళ్లు. అన్నీ నావే. తర్వాత పెదవి వచ్చింది. నున్నటి పెదవి. గీత లేదు, కుట్టు లేదు, ఒక పక్కకు లాగినట్టుండే వంపు లేదు.

చిన్నప్పుడు అద్దం ముందు నిలబడి పై పెదవిని వేలితో మూసుకుని, ఇలా ఉంటే ఎలా ఉండేదాన్నో అని చూసుకునేదాన్ని. ఇలాగే ఉండేదాన్నన్నమాట. బాగుంది. దాన్ని చూస్తూ ఒక్క క్షణం నాకు కలిగిన ఆశను తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

సదాశివరావు గారు తెర వైపు చూశారు, నా వైపు చూశారు, నేల వైపు చూశారు.

"బిడ్డల బొమ్మలతో దీనికి చదువు చెప్పింది కూడా నేనే సార్," అన్నాను. "అందులో నలభై ఒక్క బొమ్మల్లో పెదవి చీలి ఉంది. తక్కువ ఉన్నాయి, యంత్రం తికమకపడుతుంది అని రాసి వాటిని తీసేశాను. నిజానికి వాటిని చూడలేక తీసేశాను. దానికి అలాంటి పెదవి ఒకటి ఉంటుందనే తెలియదు."

"సోమవారం దాకా ఆగండి," అన్నారాయన నెమ్మదిగా. "సంఘం వెళ్లిపోయాక సరిచేద్దాం. ఇన్నేళ్ల కష్టం, ఇంతమంది. మీ పేరు కూడా పోతుందండీ." ఆయన చెడ్డవాడు కాదు. నాకంటే ఎక్కువ భయపడ్డాడు, అంతే.

చెంగయ్య జీపులో దింపుతానన్నాడు. కొండదారి మలుపుల్లో వాన ఆగింది. "నా వల్ల ఏమన్నా చెడిందా మ్మా?" అని నాలుగు మలుపులకోసారి అడుగుతూనే ఉన్నాడు. లేదు చెంగయ్యా, నీ వల్లనే తెలిసింది అని చెప్పాను గానీ ఆయనకు నమ్మకం కుదరలేదు.

నా బుర్రంతా మా చెల్లెలి కడుపులో ఉంది. గంగ బిడ్డ పెదవి నిజంగానే బాగుండవచ్చు. అప్పుడు ఏ గొడవా లేదు. బాగాలేకపోతే? మా ఇంట్లో ఒకరికి ఉంది కాబట్టి ఇంకొకరికి వచ్చే అవకాశం ఉంది, ఆ సంగతి నాకు తెలుసు. రెండు నెలల తర్వాత బిడ్డ చీలిన పెదవితో పుడితే అందరూ ఏమంటారు? గ్రహణానికి ముందు తీసిన బొమ్మలో గీత కూడా లేదు, ఊరంతా చూసింది. గ్రహణం తర్వాత పుట్టిన బిడ్డకు మొర్రి. ఇంక రుజువు ఏం కావాలి? మంచం మీద పడుకుని నవ్వింది, వీపు గోక్కుంది, పక్కకు తిరిగింది అంటారు. మా అమ్మకు వంకాయలు దొరికినట్టే గంగకు ఏదో ఒకటి దొరుకుతుంది. ఈసారి దానికి సాక్ష్యం చెప్పేది సైన్సు, నా చేత్తో చేసిన సైన్సు. ఆ ఆలోచన వచ్చాక జీపు ఎంత వేగంగా పోయినా నెమ్మదిగానే పోతున్నట్టనిపించింది.

ఇల్లు చేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. గ్రహణం విడిచింది. అమ్మ తలస్నానం చేసి, తడిజుట్టుతోనే ఇల్లు కడుగుతోంది. గంగ మంచం మీద బాసింపట్టు వేసుకుని, రెండు గంటల బాకీ తీర్చుకుంటున్నట్టు వీపు గోక్కుంటోంది.

"ఫొటో వచ్చిందంట కదక్కా! టీవీలో చెప్తా ఉండారు."

నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఫోను తీసి అమ్మ చేతికిచ్చాను. అందులో తేటకన్ను తీసిన నా ముఖం ఉంది. ఇన్నేళ్లుగా అమ్మ కోరుకున్న ముఖం. చూసి ఏడుస్తుందేమో, సంతోషిస్తుందేమో అని భయపడ్డాను. రెండూ జరగలేదు. అమ్మ ఫోనును దీపం దగ్గరకు తీసుకెళ్లి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"ఎవురు మే ఈ పిల్ల?"

"నేనేమా. మా యంత్రం తీసింది."

"కాదు," అంది అమ్మ. "పోగులు నీవే. పిల్ల నువ్వు కాదు. నా బిడ్డ మొగము నాకు తెలీదా?"

ఫోను నా చేతికి తిరిగి ఇవ్వబోయి, సగంలో ఆగిపోయింది. మా అమ్మ బడికి వెళ్లింది నాలుగేళ్లే. ఈ సంగతి పట్టుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది, సదాశివరావు గారికి ఇంకా అందలేదు. అమ్మకు అర నిమిషం పట్టింది.

"అట్లయితే మన గంగ బిడ్డ మొగము? అది కూడా ఎవురి మొగమో నా?"

గంగ గోక్కోవడం ఆపేసింది.

"తెలీదుమా," అన్నాను. "ఆ బొమ్మను నమ్మొద్దు. పెదవి బాగుండొచ్చు, బాగలేకపోవచ్చు. రేపు పాత పద్ధతిలో, పెద్ద డాక్టరు దగ్గర మళ్లా చూపిద్దాం. ఎట్లున్నా దానికీ ఈ పొద్దు గ్రహణానికీ సంబంధం లేదు. అది గంగ తప్పు కాదు. తప్పుంటే నాది."

 గంగ నా వైపు తిరిగి అడిగింది, "ఊళ్లో ఇంకెంత మందికి తీసినారక్కా అట్లాంటి బొమ్మలు?"

"మూడు నూర్ల పైన."

"వాళ్లకు కూడా అక్క ఉండాదా, ఇంటికొచ్చి చెప్పేదానికి?"

అది నన్ను కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. అక్కడే మంచం అంచున కూర్చుని ఫోనులోనే సంఘానికి ఉత్తరం రాశాను. మూత కింద తీసిన చంద్రుడిని జతచేశాను. నా అసలు ముఖాన్నీ, యంత్రం తీసిన ముఖాన్నీ పక్కపక్కన పెట్టి జతచేశాను. నలభై ఒక్క బొమ్మల సంగతి రాసి, కింద నా పేరు పెట్టాను. ఒక కాపీ ఆస్పత్రికి, ఒకటి సదాశివరావు గారికి. ఆయన దగ్గర నుంచి జవాబు వెంటనే వచ్చింది. "రేపటి నుంచి మీరు కొండకు రావద్దు." అంతే ఉంది అందులో. చదివి ఫోను పక్కన పెట్టాను. 

మర్నాడు ఉదయం పెద్ద డాక్టరమ్మ పాత యంత్రం మీద చూసింది. తెరంతా మసక మసకగా చుక్కలు. తేటకన్నుకు అలవాటుపడిన నా కళ్లకు అందులో ఏమీ దొరకలేదు. ఆమె చెయ్యి ఒక చోట ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్లీ అక్కడే ఆగింది. గంగ నా వేళ్లు గట్టిగా పట్టుకుంది.

"పై పెదవిలో చీలిక ఉందమ్మా," అంది డాక్టరమ్మ. "భయపడేది కాదు. పుట్టిన మూడో నెలలోనే ఆపరేషను చేసేయొచ్చు. తెలిసింది కాబట్టి ముందే అన్నీ సిద్ధంగా పెట్టుకుందాం."

గంగ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. గోడకానుకుని నిలబడి, డాక్టరమ్మ నోటివైపే చూస్తోంది.

"నిన్న గ్రహణానికి దీన్ని నేను కదలనీలేదు డాక్టరమ్మా," అంది. "కత్తిపీట కూడా అటకెక్కించినా."

"నిన్న వచ్చింది కాదమ్మా ఇది. పెదవి ఏర్పడేది రెండో నెలలో. మూడో నెల నిండేసరికి పెదవి సంగతి అయిపోతుంది. ఆ తర్వాత ఎవరు ఏం చేసినా, చేయకపోయినా అది మారదు."

"ఏడో నెలలో గ్రహణమొస్తే?"

"ఏడో నెలకు ఎప్పుడో అయిపోయి ఉంటుందమ్మా."

అమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత నా వైపు తిరిగింది.

"నేను వంకాయలు తరిగింది ఏడో నెలలో మే," అంది.

"అవునుమా."

"అట్లయితే నేను తరిగేటప్పటికే నీ పెదవి..."

"ఎప్పుడో అయిపోయింది."

ఈ మాటే నేను వందసార్లు చెప్పాను. నా మాట నమ్మలేదు. కడుపులో నిజంగా చీలికను చూసిన మనిషి, మసక తెర ముందు కూర్చుని చెబితే నమ్మింది. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, అప్పుడు ఏడ్చింది మా అమ్మ, ముప్పై నాలుగేళ్ల ఏడుపు. నేనూ గంగా చెరోపక్క కూర్చున్నాం. దారిన పోయేవాళ్లు చూస్తున్నా అమ్మ తల దించుకోలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ కనిపించకుండా పోయింది. వెతుక్కుంటూ వెళ్తే పెరట్లో, గ్రహణానికి మూటగట్టిన సామాన్లన్నీ అటక నుంచి దించి ముందేసుకుని కూర్చుంది. కత్తిపీటా కత్తెరా పక్కకు నెట్టేసి, అటక మూల నుంచి తీసిన పాత ఉగ్గుగిన్నెను చింతపండుతో తోముతోంది. నా ఉగ్గుగిన్నె. దాని ముక్కు నేను కొరికి వంకరపోయిందని అమ్మ ఎప్పుడూ చెప్పేది.

"బిడ్డ పుట్టేదానికి ఇంకా రెండు నెలలుంది కదమా. ఇప్పుడే ఏంటికి?"

అమ్మ తోమడం ఆపలేదు.

"నువ్వు పుట్టినప్పుడు నాకు ముందుగా తెలీదు. రొమ్ము నోట్లో పెడితే ఏడుస్తివి. ఏంటికేడుస్తావో తెలీదు. గిన్నెతో పోయల్లని ఒక ముసలామె వచ్చి చెప్పేదాకా, నాలుగు దినాలు నిన్ను పస్తు పెడ్తిని." గిన్నెను కడిగి, వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. "ఈ బిడ్డ ఒక్క పూట కూడా పస్తుండదు."